పిల్లల చేతిలో సింథసైజర్: ఒకే చిప్, మూడు వేగాలు

మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ చిప్ లోపల ధ్వని అంటూ ఏదీ ఉండదు. దాని పిన్ (లోహపు కాలు) ఒకటి 5 వోల్టులకు లేస్తుంది, తిరిగి సున్నాకు పడుతుంది; ఎప్పుడు లేవాలి, ఎప్పుడు పడాలి అన్నది చిప్ తన గడియారాన్ని బట్టి లెక్కపెట్టుకుంటుంది. ఈ కొద్దిపాటి శక్తికి ఒక స్పీకర్, రెండు నాబ్‌లు, నాలుగు బటన్లు తోడైతే పదేళ్ల పిల్లలు స్వయంగా తయారుచేసి వాయించగల ఎలక్ట్రానిక్ వాద్యం, అంటే సింథసైజర్, సిద్ధమవుతుంది. అయితే పిల్లలతో దాన్ని చేయించే వర్క్‌షాపులు చాలావరకు మొదటి శబ్దం దగ్గర కేరింతలతో మొదలై, ఆ తర్వాత తికమకలో పడతాయి. నాబ్ చేరిస్తే స్వరం పక్కకు జరుగుతుంది. తాళం చేరిస్తే నాబ్ మాట వినదు. నున్నని తరంగం కావాలనుకుంటే దాని వెనక ఎడతెగని ఈల ఒకటి వినిపిస్తుంది. చూడడానికి ఇవి మూడు వేర్వేరు లోపాలు. నిజానికి మూడూ కాలానికి సంబంధించినవే. ఒకే చిప్ చేత వేర్వేరు వేగాల్లో వేర్వేరు పనులు చేయించబోతున్నామన్న సంగతిని ముందుగా విడదీసి చూడకపోవడం వల్ల వచ్చేవే.

మొదటి పని ధ్వనిని పుట్టించడం. సెకనుకు 440 సార్లు కంపించే స్వరం కావాలంటే ఒక్కో కంపనానికి సుమారు 2,273 మైక్రోసెకన్లు పడుతుంది. అందులో సగం, అంటే 1,136 మైక్రోసెకన్లు, పిన్ పైన ఉండాలి; మిగతా సగం కింద ఉండాలి. మైక్రోకంట్రోలర్‌ను అమర్చి అమ్మే ఆర్డుయినో ఊనో (ఆర్3) వంటి బోర్డులో ఇది నాలుగు వాక్యాల ప్రోగ్రామ్: లేపు, ఆగు, దించు, ఆగు. ఆర్డుయినోలో ఈ పనికి 'టోన్' అనే సిద్ధ ఆదేశం ఉంది కనుక ఒక్క వాక్యంతోనే స్వరం పలికించవచ్చు. పిల్లలతో మాత్రం ఆ ఒక్క వాక్యానికి బదులు ఈ నాలుగింటితో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. ఆగే సమయాన్ని 1,136 నుంచి 568కి తగ్గించగానే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. సంఖ్య సగమైతే స్థాయి ఒకటి పెరుగుతుందన్న సంగతిని సూత్రం చెప్పకుండానే చెవి పట్టుకుంటుంది. అదే సమయాన్ని అర సెకనుకు పెంచితే స్వరం మాయమై, విడివిడిగా టక్కు టక్కుమనే చప్పుళ్లు మిగులుతాయి. అక్కడినుంచి మెల్లగా తగ్గిస్తూ వస్తే, సెకనుకు ఇరవై ముప్పై దాటే చోట ఆ చప్పుళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మళ్లీ స్వరంగా మారతాయి. తాళానికీ స్వరానికీ ఉన్న తేడా వేగంలోనే ఉందని తెలియజెప్పడానికి ఇంతకంటే సూటి ప్రయోగం లేదు. తర్వాత వచ్చే వివరణ అంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి ఇక్కడ తొందరపడకూడదు.

ఇప్పుడు నాబ్ చేరుద్దాం. నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్ (తిప్పితే వోల్టేజి మారే భాగం) మధ్య కాలు మీది వోల్టేజిని చిప్ 0 నుంచి 1,023 వరకు ఉండే సంఖ్యగా చదువుతుంది. ఊనోలో ఒక్కసారి ఇలా చదవడానికి సుమారు 110 మైక్రోసెకన్లు పడుతుంది. మనిషి చేతికి అది లెక్కలోకి రాని వ్యవధి. పిన్‌ను 1,136 మైక్రోసెకన్లకొకసారి కదిలించే లూప్‌కు (పదేపదే తిరిగే వాక్యాల వరసకు) మాత్రం అది దాదాపు పదో వంతు. పిన్ కదిలిన ప్రతిసారీ నాబ్‌ను కూడా చదివిస్తే 440 దగ్గర ఉండవలసిన స్వరం 400 దగ్గరకు దిగుతుంది; 880 కావలసింది 740 దగ్గర ఆగిపోతుంది. అంటే స్వరం తగ్గడమే కాదు, రెండు స్వరాల మధ్య దూరం కూడా చెడుతుంది. పై స్థాయికి పోయేకొద్దీ అపశ్రుతి పెరుగుతుంది. పిల్లలు దీన్ని సర్క్యూట్‌లో తప్పనుకుని వైర్లు పీకి మళ్లీ గుచ్చుతారు. వైర్లలో తప్పేమీ లేదు. చేతి వేగంతో చేస్తే చాలిన పనిని ధ్వని వేగంతో చేయించాం, అంతే.

తాళం సంగతి దీనికి తలకిందులు. నాలుగు స్వరాలను అర సెకనుకొకటి చొప్పున వరసగా పలికించాలని చూసినవారు సాధారణంగా 'టోన్' ఆదేశం ఇచ్చి, ఆ వెంటనే 'డిలే' ఆదేశంతో అర సెకను ఆగమంటారు. ఆ అర సెకను పాటు ప్రోగ్రామ్ మరే పనీ చేయదు. బటన్ నొక్కినా, నాబ్ తిప్పినా పట్టించుకోదు. వాద్యం వాయిస్తున్న పిల్లవాడికి అది మొండికేసినట్టు అనిపిస్తుంది. ఇక్కడ తాళపు వేగం చేతి వేగాన్ని అడ్డుకుంటోంది.

కాబట్టి మూడు వేగాలను వేరుచేయాలి. ధ్వనిది అన్నిటికంటే వేగం: తరంగంలోని ఒక్కో బిందువును, అంటే ఒక్కో శాంపిల్‌ను, సెకనుకు కొన్ని వేల సార్లు తప్పకుండా సమయానికి అందించాలి. చేతిది మధ్య వేగం: నాబ్‌లు, బటన్లు, కాంతిని పసిగట్టే ఎల్‌డీఆర్‌లు వంటివాటిని సెకనుకు యాభై, వంద సార్లు చూస్తే చాలు. తాళానిది నెమ్మది: సెకనుకు రెండు నుంచి ఎనిమిది అడుగులు. ధ్వని పనిని చిప్‌లోని టైమర్‌కు అప్పగిస్తారు. టైమర్ గడువు వచ్చినప్పుడల్లా నడుస్తున్న పనిని క్షణం ఆపించి, ఒక శాంపిల్ బయటికి పంపించి, మళ్లీ పాత పనికి వదులుతుంది. ఇలా ఆపించడమే ఇంటరప్ట్. చేతి పని మామూలు లూప్‌లో సాగుతుంది. తాళం కోసం ఎక్కడా ఆగి కూర్చోకుండా, ఇప్పటికి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చూసుకుంటూ, గడువు దాటితే తర్వాతి స్వరానికి జరిగితే సరిపోతుంది. టిమ్ బరాస్ రూపొందించిన మోజీ అనే ఉచిత లైబ్రరీలో (సిద్ధంగా రాసి పెట్టిన ప్రోగ్రామ్‌ల కట్టలో) ఈ విభజన పేర్లలోనే కనిపిస్తుంది: ధ్వనికి 'అప్‌డేట్‌ఆడియో', చేతికి 'అప్‌డేట్‌కంట్రోల్' అని రెండు వేర్వేరు ఫంక్షన్లు ఉంటాయి. ఊనో వంటి బోర్డుల మీద మామూలుగా మొదటిది సెకనుకు 16,384 సార్లు, రెండోది 64 సార్లు నడుస్తాయి. సెకనుకు 16,384 అంటే ఒక్కో శాంపిల్‌కు 61 మైక్రోసెకన్ల గడువు. సెకనుకు కోటీ అరవై లక్షల సార్లు కొట్టుకునే 16 మెగాహెర్ట్జ్ చిప్ గడియారం ఆ లోపు దాదాపు 976 సార్లు కొట్టుకుంటుంది. నాబ్ చదవడానికే 110 మైక్రోసెకన్లు పడుతుందని పైన చూశాం కనుక, ఆ పనిని ఇంటరప్ట్‌లో ఎందుకు ఇరికించకూడదో ఈ రెండు సంఖ్యలే చెబుతాయి.

16,384 అనే సంఖ్య పిల్లలతో లెక్కలు చేయించడానికి కూడా అనుకూలంగా ఉంటుంది. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా 32 గళ్లు తీసుకుని, ఒక్కో గడిలో 0 నుంచి 255 లోపు ఎత్తు గుర్తు పెట్టి, తమకు నచ్చిన తరంగాన్ని గీయమనాలి. ఆ 32 ఎత్తులే ప్రోగ్రామ్‌లో పట్టికగా చేరతాయి. దీన్నే వేవ్‌టేబుల్ అంటారు. ఒక శాంపిల్ పంపే గడువును ఒక టిక్కు అందాం. ప్రతి టిక్కుకు ఒక్కో గడి చొప్పున ముందుకు నడిస్తే పట్టిక అంతా సెకనుకు 512 సార్లు తిరుగుతుంది; అంటే 512 హెర్ట్జ్ స్వరం. టిక్కుకు అర గడి నడిస్తే 256. ముప్పావు గడి నడిస్తే 384. ఇక్కడ 256ను షడ్జమం అనుకుంటే 512 తారస్థాయి షడ్జమం, 384 పంచమం అవుతాయి. అర గడి నడవడమేమిటన్న ప్రశ్న పిల్లల నుంచి తప్పక వస్తుంది, రావాలి కూడా. జవాబు సులువే: స్థానాన్ని గడుల్లో కాకుండా 65,536 భాగాలున్న లెక్కలో ఉంచుతాం, 2,048 భాగాలకు ఒక గడి. టిక్కుకు 1,024 చొప్పున కలుపుతూ పోతే రెండు టిక్కులకు ఒక గడి దాటుతుంది. లెక్క 65,536 చేరగానే 16 బిట్ల సంఖ్య తనంతట తానే సున్నాకు తిరుగుతుంది. తరంగం మళ్లీ మొదటి గడి నుంచి మొదలవుతుంది. శాంపిల్ పంపడం ఎప్పుడూ ఒకే వేగంతో జరుగుతుంది. మారేది అడుగు పొడవు మాత్రమే. అపశ్రుతి సమస్యకు పూర్తి పరిష్కారం ఇదే.

తాము గీసిన గీత పలికే తీరు వినడం ఈ వర్క్‌షాప్ మొత్తానికి అత్యంత విలువైన ఘట్టమని నేను అనుకుంటాను. కోటగోడలా నిటారుగా లేచి పడే గీత గరుగ్గా పలుకుతుంది. అలలా నున్నగా సాగేది మెత్తగా పలుకుతుంది. చతురస్ర తరంగంలో మూల స్వరంతో పాటు దానికి మూడింతలు, ఐదింతలు, ఏడింతలు ఉండే అనుస్వరాలు వరసగా మూడో వంతు, ఐదో వంతు, ఏడో వంతు బలంతో దాగి ఉంటాయి. రంపపు పళ్ల తరంగంలో రెండింతలు, నాలుగింతలు కూడా చేరతాయి. చూపుకు పూర్తిగా వేరుగా ఉన్న రెండు గీతలు చెవికి ఒకేలా వినిపించడం కూడా జరుగుతుంది, ఎందుకంటే చెవి ప్రధానంగా గమనించేది అనుస్వరాల బలాలనే గాని అవి ఒకదానితో ఒకటి ఎక్కడ కలుస్తున్నాయన్నది కాదు. ముప్పై రెండో గడి ఎత్తుకూ మొదటి గడి ఎత్తుకూ పొంతన లేకపోతే అక్కడ ప్రతి చుట్టుకూ ఒక కుదుపు వచ్చి, నున్నని గీత కూడా జుమ్మంటుంది. గీసిన పిల్లలు ఈ కుదుపును తామే కనిపెట్టి సరిచేసుకోగలరు; పక్కన నిలబడిన పెద్దలు ముందే చెప్పేయకుండా ఉండడమే కష్టం.

ఇక నాబ్‌కు ఏ స్వరాలు ఇవ్వాలన్నది విడిగా ఆలోచించాలి. నాబ్ విలువను 100 నుంచి 2,000 హెర్ట్జ్ దాకా సమానంగా పరిస్తే, తిప్పే దూరంలో దాదాపు ఇరవయ్యో వంతులోనే 100 నుంచి 200 వరకు ఉన్న స్థాయి అంతా అయిపోతుంది. రెండో సగమంతా తిప్పినా ఒక స్థాయి పూర్తిగా నిండదు. చెవి స్వరాల దూరాన్ని తేడాలతో కాక నిష్పత్తులతో కొలుస్తుంది కనుక, నాబ్ కూడా గుణిస్తూ పోవాలి గాని కూడుతూ పోకూడదు. స్థాయిని పన్నెండు సమభాగాలు చేసే పద్ధతిలో ఒక్కో మెట్టుకు సుమారు 1.0595తో గుణిస్తారు. అలా చేస్తే 256 మీద పంచమం 383.6 దగ్గర, అంతర గాంధారం 322.5 దగ్గర పడతాయి. శుద్ధ నిష్పత్తుల్లో అవి 384, 320. పంచమంలో తేడా తెలియదు గాని, గాంధారాన్ని షడ్జమంతో కలిపి మోగిస్తే రెండు పద్ధతులకూ తేడా వినిపిస్తుంది. పట్టికలో ఏ సంఖ్యలు వేసుకోవాలో పిల్లలే తేల్చుకోవచ్చు. మెట్లు లేకుండా జారే నాబ్‌ను ఉంచుకుంటే గమకాలకు వీలుంటుంది. మెట్లు పెడితే తప్పు స్వరం పడదు. చిన్న పిల్లలకు మెట్లు, సంగీతం నేర్చుకుంటున్నవారికి జారుడు ఇవ్వడం నాకు సబబుగా తోస్తుంది.

మొదట చెప్పిన ఈల సంగతి ఇంకా మిగిలింది. పిన్‌కు తెలిసినవి 5 వోల్టులు, సున్నా మాత్రమే. మరి 137 అనే ఎత్తును అది ఎలా చూపుతుంది? అతి వేగంగా లేచి పడుతూ, ప్రతి చుట్టులో 256కు 137 వంతుల సేపు పైన ఉండి చూపుతుంది. దీన్ని పీడబ్ల్యూఎం అంటారు. ఆర్డుయినోలోని 'అనలాగ్‌రైట్' ఆదేశం ఊనోలో ఈ పనిని సెకనుకు 490 సార్లు, కొన్ని పిన్‌ల మీద 980 సార్లు చేస్తుంది. ఎల్ఈడీ వెలుగు తగ్గించడానికి అది చక్కగా పనికొస్తుంది. సంగీతానికి మాత్రం అదే పెద్ద స్వరమై కూర్చుంటుంది. అందుకే టైమర్‌ను నేరుగా అమర్చి వేగం పెంచాలి. 16 మెగాహెర్ట్జ్ చిప్‌లో 256 మెట్లతో గరిష్ఠంగా 62,500 హెర్ట్జ్ దాకా పోవచ్చు, అది ఎవరి చెవికీ అందదు. మధ్యలో 16,000 హెర్ట్జ్ దగ్గర ఆపడం ఒక ఉచ్చు. వయసు పెరిగేకొద్దీ పై పౌనఃపున్యాలు వినే శక్తి తగ్గుతుంది కనుక, నేర్పేవారికి ఏమీ వినపడకపోయినా పిల్లలు చెవులు మూసుకుంటారు. ఈ విషయంలో వాళ్ల మాటే ప్రమాణం. పిన్ తర్వాత ఒక 1 కిలోఓమ్ రెసిస్టర్‌ను, 10 నానోఫారడ్ కెపాసిటర్‌ను ఫిల్టర్‌గా పెడితే దాదాపు 16,000 హెర్ట్జ్‌కు పైనున్నవి అణగడం మొదలవుతుంది.

స్పీకర్ దగ్గర జరిగే పొరపాటు మాత్రం ప్రోగ్రామ్‌తో సరికాదు. 8 ఓమ్‌ల స్పీకర్‌ను నేరుగా 5 వోల్టుల పిన్‌కు తగిలిస్తే అది 600 మిల్లీఆంపియర్లకు పైగా లాగబోతుంది. ఊనోలోని చిప్‌కు ఒక్కో పిన్ మీద మించకూడని హద్దు 40. మధ్యలో 220 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే పిన్ క్షేమంగా ఉంటుంది, శబ్దం చిన్నదవుతుంది. గట్టిగా కావాలంటే ఎల్ఎమ్386 వంటి చిన్న యాంప్లిఫయర్ కావాలి. పీజో బిళ్ల (వోల్టేజికి కంపించే పలుచని బిళ్ల) చవక, తేలిక, కరెంటు దాదాపు తాగదు. కాని దాని బలమంతా కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాని మీద 100 హెర్ట్జ్ సైన్ తరంగం దాదాపు వినిపించదు, అదే 100 హెర్ట్జ్ చతురస్ర తరంగం మాత్రం అనుస్వరాల పుణ్యాన వినిపిస్తుంది. బిళ్లను అట్టపెట్టెకో ప్లాస్టిక్ కప్పుకో అంటిస్తే శబ్దం పెరుగుతుంది. హెడ్‌ఫోన్లు వాడితే కనీసం 1 కిలోఓమ్ రెసిస్టర్ వరసలో ఉండాలి. ముందు చేతిలో పట్టుకుని విని, ఆ తర్వాతే చెవికి పెట్టుకోవాలి. ఈ రెండూ నియమాలుగా చెప్పవలసినవి, సలహాలుగా కాదు.

ఇంత సంక్లిష్టత ఎందుకు, చిప్ లేకుండానే శబ్దం చేయవచ్చు కదా అనే వాదన ఉంది, అందులో బలమూ ఉంది. అమెరికన్ ఎలక్ట్రానిక్స్ రచయిత ఫారెస్ట్ మిమ్స్ 1980లో ప్రచురించిన సర్క్యూట్, తర్వాత అటారీ పంక్ కన్సోల్ పేరుతో ప్రసిద్ధమైనది, రెండు 555 టైమర్ల (పల్స్‌లు పుట్టించే చిన్న చిప్‌ల) పనిని ఒకే 556 చిప్‌తో చేస్తూ రెండు నాబ్‌లతో విచిత్రమైన స్వరాలు పలుకుతుంది. అందులో ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది. కాని వాద్యం తీరు మార్చాలంటే భాగాలు మార్చాలి. మైక్రోకంట్రోలర్‌లో సంఖ్యలు మార్చితే చాలు. ఆ సంఖ్యలు లైబ్రరీల లోపల దాక్కుంటే ఈ లాభం పోతుంది. కనుక వర్క్‌షాప్ సిద్ధం చేసేవారు తేల్చుకోవలసిన అసలు విషయం ఏ బోర్డు కొనాలన్నది కాదు, ఏది మూసి ఉంచాలి, ఏది పిల్లల చేతికి వదలాలి అన్నది. టైమర్ అమరిక, ఇంటరప్ట్, ఫిల్టర్ మూసి ఉంచవచ్చు. పేరు చెప్పి, పని చెప్పి వదిలేయాలి. తరంగం పట్టిక, స్వరాల పట్టిక, తాళం అడుగులు, నాబ్ దేన్ని మార్చాలన్న నిర్ణయం తెరిచి ఉంచాలి. చిన్నవాళ్లకు ప్రోగ్రామ్ పై భాగంలో ఈ నాలుగు మాత్రమే కనిపించేలా రాస్తే వాక్యనిర్మాణపు తప్పులతో కాలం వృథా కాదు.

ప్రోగ్రామింగ్ కాస్త వచ్చిన పెద్ద పిల్లలకు ఇంకొక మెట్టు ఉంది. కెవిన్ కార్ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ 1983లో ప్రచురించిన పద్ధతిలో పట్టికను యాదృచ్ఛిక సంఖ్యలతో నింపి, చదివిన ప్రతి గడి స్థానంలో దానికీ పక్క గడికీ సగటు రాస్తూ పోతే, మీటిన తీగ నాదం పుట్టి మెల్లగా అణగారుతుంది. పై వేగంతో 256 హెర్ట్జ్‌కు కాస్త దిగువన పలికే తీగకు 64 గడులు, అంటే 64 బైట్లు చాలు. 512 బైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే ఉన్న అటైనీ85 అనే చిన్న మైక్రోకంట్రోలర్ కూడా దీన్ని మోయగలదు.

సోల్డరింగ్ (టంకం వేయడం) గురించి క్లుప్తంగా: మొదటిరోజు టంకం లేకుండా వైర్లు గుచ్చే బ్రెడ్‌బోర్డ్ సరిపోతుంది. టంకం వేయించాలనుకుంటే సీసం లేని టంకం, కళ్లద్దాలు, గాలి ఆడే చోటు, ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒక పెద్ద మనిషి తప్పనిసరి. నాణెం ఆకారపు బ్యాటరీలు చిన్న పిల్లలు మింగితే ప్రాణాపాయం కాబట్టి వాటికి బదులు మూడు ఏఏ సెల్స్ వాడడం మంచిది.

చివరికి వాద్యాలన్నీ కలిపి వాయించాలని పిల్లలే అడుగుతారు, అప్పుడు గడియారాల సంగతి ఇంకొకసారి తలెత్తుతుంది. అటైనీ85 లోపలి గడియారం ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు 10 శాతం దాకా అటూ ఇటూ ఉండవచ్చు. ఒకే ప్రోగ్రామ్ ఎక్కించిన రెండు చిప్‌లు ఒకటిన్నర మెట్టు దూరంలో పలికినా ఆశ్చర్యం లేదు. కొత్త చిప్ 8 మెగాహెర్ట్జ్‌కు బదులు 1 మెగాహెర్ట్జ్‌తో నడిచేలా వస్తుంది గనుక, ఆ అమరిక మార్చడం మరిచిపోతే వాద్యం సరిగ్గా మూడు స్థాయిలు కింద పలుకుతుంది. ఊనోలో విడి రెసొనేటర్ (గడియారానికి లయనిచ్చే భాగం) ఉంటుంది, తేడా చాలా తక్కువ. అటైనీలతో చేసేవారు శ్రుతి సరిచేయడానికి ఒక నాబ్ విడిగా ఉంచి, రెండు వాద్యాలు ఒకే స్వరం పలుకుతుండగా వినిపించే ఊగిసలాట నెమ్మదించి ఆగేదాకా తిప్పించాలి. తాళానికి మాత్రం చెవి చాలదు; ఒక వాద్యాన్ని నాయకుడిగా పెట్టి, అది ప్రతి అడుగుకూ ఒక పిన్ మీద పంపే చిన్న పల్స్‌ను మిగతావి చూసి అడుగు వేయాలి. బ్యాటరీలు వేర్వేరు గనుక పల్స్ తీగతో పాటు గ్రౌండ్ (సున్నా వోల్టుల) తీగను కూడా అన్నిటికీ కలపాలి. నాయకుడి పిన్‌కు రెసిస్టర్‌తో ఒక ఎల్ఈడీ పెట్టి ఉంచితే, దీపం మినుకుమంటున్నా పక్క వాద్యం అడుగు వేయనప్పుడు, ప్రోగ్రామ్‌ను ముట్టుకోకముందే ఆ రెండు తీగలను పరీక్షించవచ్చు.